చిన్న తరహా నెపోలియన్

గోదారి మా బొమ్మలపేట అరుగులెక్కి ఇళ్ళలోకి వచ్చిన ఏడు కాదు, దాని పై ఏడు జరిగింది ఇది. ఆ వరదకి పేటలో అన్నీ నానాయి, ఒక్క పనిపాక తప్ప. పాక మెరక మీద ఉంది. పైన రేకులు, కింద నాపరాళ్ళు, మధ్యలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒకటే పనిబల్ల. బొమ్మలు చెక్కేవాళ్ళం అందరం దాని చుట్టూ కూర్చునేవాళ్ళం. మేం చెక్కేది పొణికి కర్ర. తేలికది, మెత్తనిది. ముసురులో బయట పెడితే పూట తిరక్కుండా బూజు పడుతుంది. అందుకని వానల్లో పాక లేకపోతే మాకు పని లేదు. వానల్లో పని లేకపోతే దసరా కొలువులకి బొమ్మలు లేవు. దసరాకి బొమ్మలు లేకపోతే మా పేటకి ఆ ఏడే లేదు.

ఆషాఢంలో ఆ పాకలోకి నెపోలియన్ వచ్చాడు.

వచ్చింది చిన్న తరహా వినోద వస్తువుల అభివృద్ధి సంస్థ వారి జీపులో. పాక ఆ సంస్థదే, మమ్మల్ని వాడుకోమని ఇచ్చారు. జీపులోంచి ముందు ఎండీ భుజంగరావు గారు దిగారు. ఆ వెనక పరిపాలనాధికారి కుటుంబశాస్త్రి గారు. ఆయన ఫైలు లేకుండా దగ్గడం కూడా ఎవరూ చూడలేదు. ఆఖర్న డిప్యూటీ మేనేజరు చిదంబరం గారు ఒక రేకు డబ్బా పట్టుకుని దిగారు. నెపోలియన్ ఆ డబ్బాలో ఉన్నాడు.

మూత తీసి చూపించారు. సీసంతో పోసిన సిపాయిలు. ఒక్కొక్కడు బియ్యపు గింజంత. నీలం చొక్కాల వాళ్ళు నెపోలియన్ వాళ్ళట, ఎర్ర చొక్కాల వాళ్ళు శత్రువులట. గుర్రాలున్నాయి, ఫిరంగులున్నాయి. ఫిరంగి ఆవగింజకి అన్నగారిలా ఉంది.

సంగతేమిటంటే, ఏదో దేశంలో వాళ్ళు ఇలాంటి సిపాయిల్ని బల్ల మీద పేర్చి నెపోలియన్ యుద్ధాలు మళ్ళీ ఆడతారట. కొత్త ఆట ఒకటి కట్టారు. దాన్ని ఇక్కడ ఆడి పరీక్షించి, బాగుందంటే ఇక్కడే తయారు చేయించండని మన ప్రభుత్వానికి రాశారు. ఆ కాయితం ఆటల శాఖకి వెళితే యుద్ధం మాది కాదన్నారు. పోలీసులకి వెళితే ఆట మాది కాదన్నారు. చివరికెవరో అందులో 'చిన్న తరహా నెపోలియన్ యుద్ధములు' అన్న ముక్క చూసి భుజంగరావు గారికి పంపారు. సిపాయి చిన్నవాడని వాళ్ళు రాసుకున్నారు. మనవాళ్ళు యుద్ధం చిన్న తరహాదని చదువుకున్నారు.

భుజంగరావు గారు గుమ్మంలో నిలబడి ఉపన్యాసం ఇచ్చారు.

"చిన్న తరహా పరిశ్రమ వచ్చింది. చిన్న తరహా వినోదం వచ్చింది. చిన్న తరహా యుద్ధం ఒక్కటే ఈ జిల్లాకి ఇంతవరకూ రాలేదు. ఆ లోటు మన హయాంలో భర్తీ అవుతున్నందుకు నేను వ్యక్తిగతంగా గర్విస్తున్నాను. భారీ యుద్ధాలంటారా, అవి ఢిల్లీ చూసుకుంటుంది."

మా వదిన నూకరత్నం చప్పట్లు కొట్టలేదు. మా అన్న పోయాక ఇంటినీ పేటనీ ఆవిడే లాక్కొస్తోంది. బొమ్మలకి కళ్ళూ మీసాలూ దిద్దుతుంది. నేను మాట్లాడాల్సినవి కూడా ఆవిడే మాట్లాడుతుంది.

"యుద్ధానికి పొలం కావాలి గానండీ, మా బల్లెందుకండీ బాబూ?" అంది.

"ఇది బల్లపై యుద్ధమమ్మా" అన్నారు కుటుంబశాస్త్రి గారు. "బల్ల అనివార్యం."

"మీ ఆఫీసులో బల్లలు లేవేటండీ?"

"ఉన్నాయి. కానీ ప్రతి బల్లా ఒక అధికారి హోదాకి చెందినది. ఒకరి హోదా మీద మరొకరు యుద్ధం చేయరాదు. మీ బల్లకి హోదా లేదు."

పరీక్ష పూర్తయ్యేదాకా పాక సంస్థ స్వాధీనంలో ఉంటుందన్నారు. ఎప్పటికి పూర్తవుతుందని వదిన అడిగింది. ఆట సమంగా ఉందని తేలాలట. అంటే నీలం పక్షం ఒకసారి, ఎర్ర పక్షం ఒకసారి గెలవాలి. అప్పుడు ఎండీ గారు సంతకం చేస్తారు, తాళం మాకిస్తారు.

"ఓస్, అంతేనా! రెండాటలు" అంది వదిన. "రేపు సందేళకి అయిపోద్ది."

అప్పటికింకా మాకు సంస్థ గురించి తెలీదు.

మొదట ఎవరు ఎవరన్నది తేలాలి. నెపోలియన్ చక్రవర్తి గనక ఆ పాత్ర సంస్థలో అందరికన్నా పెద్ద అధికారికే చెందుతుందని కుటుంబశాస్త్రి గారు రాశారు. భుజంగరావు గారు పదవి రీత్యా నెపోలియన్ అయ్యారు. వదిన చేత అట్టతో అడ్డటోపీ ఒకటి చేయించుకుని పెట్టుకున్నారు కూడా. శత్రువుగా చిదంబరం గారిని వేశారు. చిదంబరం గారికి ఆ ఏడే ప్రమోషను రావాలి.

ఆయన బల్లకి అటువేపు నిలబడ్డారు. భుజంగరావు గారు టోపీ సర్దుకుని ఒక గుర్రాన్ని ముందుకి జరిపారు. చిదంబరం గారు చేతులు జోడించి, "లొంగిపోతున్నాను సార్" అన్నారు.

"అప్పుడేనా?"

"తమరి వ్యూహం ముందు నిలవలేకపోయాను సార్."

టీ ఇంకా గ్లాసుల్లో పొగలు కక్కుతోంది. నీలం పక్షం గెలిచినట్టు రాశారు. ఇక ఎర్ర పక్షం గెలవాలి.

రెండో ఆటకి భుజంగరావు గారు, "కొంచెం పోరాడవయ్యా, పరీక్ష నిలవాలి" అని కసిరారు. చిదంబరం గారు సరేనని ఫిరంగులన్నీ వెనక్కి తిప్పి తన సిపాయిల్నే పేల్చుకున్నారు. మూడో ఆటకి ఒంట్లో బాగోలేదని చీటీ పంపారు. ఆయన స్థానంలో వచ్చిన గుమాస్తా అయితే ఆట మొదలవకముందే నెపోలియన్ మెడలో దండ వేశాడు. పై అధికారిని ఓడించరాదని సర్వీసు నిబంధనల్లో లేదు గానీ, అలా ఓడించినవాడు కూడా సర్వీసులో ఎక్కడా లేడు.

ఈలోగా ఆటకి ఇంకో చిక్కు. ఎవరి దెబ్బ ఎంత బలమో తేలాలంటే పాచికలు వెయ్యాలి. పాచికలంటే జూదం, ప్రభుత్వ ఆవరణలో కూడదన్నారు కుటుంబశాస్త్రి గారు. అందుకని పాచికకి బదులు కమిటీ వేశారు. భుజంగరావు గారి గుర్రం దూకినప్పుడల్లా కమిటీ కూర్చుని, పాచిక వేసి ఉంటే ఎంత పడేదో చర్చించి, ఏకగ్రీవంగా ఆరు అని తీర్మానించేది.

చచ్చిన సిపాయిల సంగతి అంతకన్నా అందం. రూలు ప్రకారం వాళ్ళని బల్ల మీంచి తీసెయ్యాలి. కానీ సిపాయి సంస్థ ఆస్తి. ఆస్తి పనికిరాదని తేల్చడానికి వేరే కమిటీ ఉంది, దానికి రాజధాని నుంచి మనిషి రావాలి. ఆయన వచ్చేదాకా చచ్చినవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడే నిలబడ్డారు. నిలబడ్డ సిపాయిని ఖాళీగా ఉంచితే ఆడిట్ వాళ్ళు అడుగుతారని వాళ్ళ చేత కూడా యుద్ధం చేయించారు.

శ్రావణం వచ్చింది. వాన వదిలితే ఒట్టు. మేం చూరు కింద గోనెపట్టాలు కట్టుకుని చెక్కాం. మత్స్యావతారానికి తోక చెక్కి పక్కన పెడితే తెల్లారేసరికి మెత్తటి నూగు. రంగు అంటదు. పాడైనవి గంపలకి గంపలు పొయ్యిలో పెట్టాం. విజయవాడ కొట్లవాళ్ళు కబుర్ల మీద కబుర్లు. ఈసారి బొమ్మలు ఇస్తారా, లేకపోతే ప్లాస్టరువి తెప్పించుకోమంటారా అని. ఒకసారి ప్లాస్టరు బొమ్మ కొలువెక్కితే మా బొమ్మ మళ్ళీ ఎక్కదు. అది మాకు తెలుసు, వాళ్ళకీ తెలుసు.

ఆ మాట విన్న రోజున వదిన పాక గుమ్మానికి అడ్డం కూర్చుంది.

"నెప్పోలయ్య గారు ఎప్పుడు పోతారో చెప్పండి. చెప్పందే నే లేవను."

"పరీక్ష తుది దశలో ఉందమ్మా" అన్నారు కుటుంబశాస్త్రి గారు.

"ఏటండీ తుది దశ? మీలో ఎవరూ ఆయన్ని ఓడించరు. ఆయనంతట ఆయన ఓడరు. ఇంకో పెద్ద వరదొచ్చి మీ సిపాయిల్ని అంతర్వేది దాకా తీసుకుపోతే గాని తెవల్దిది."

కుటుంబశాస్త్రి గారు నొచ్చుకోలేదు. కళ్ళజోడు తుడుచుకున్నారు.

"నిజమే. ఓడించేవాడు సంస్థలో ఉండటానికి వీల్లేదు. సంస్థ బయట మనిషి కావాలి. ఇంక్రిమెంటు ఉండకూడదు, ప్రమోషను ఉండకూడదు, పింఛను ఉండకూడదు."

"మా మరిదికి అవేం లేవండి" అంది వదిన వెంటనే. "పెళ్ళాం కూడా లేదు."

కుటుంబశాస్త్రి గారు నావేపు తిరిగారు. "ఏమయ్యా గవరయ్యా, శత్రువుగా ఉండటానికి నీకేమైనా అభ్యంతరమా?"

నేనేమీ అనలేదు.

"అభ్యంతరం లేదు" అని రాసుకున్నారు. "విద్యార్హత?"

"మూడండి" అన్నాను.

"మూడు" అని రాశారు. డిగ్రీలో తరగతులో ఆయనా అడగలేదు, నేనూ చెప్పలేదు.

మర్నాడు ఆట నియమాలు చదివి వినిపించారు. ఇంగ్లీషులో వచ్చిన పుస్తకాన్ని ఆఫీసులో సిబ్బంది విభాగం వాళ్ళు తెలుగు చేశారు. వాళ్ళు రోజూ చూసే పని బదిలీలూ సెలవులూ గనక యుద్ధం కూడా ఆ భాషలోనే నడిచింది. సైన్యం వెనక్కి తగ్గడాన్ని 'ఆర్జిత సెలవు' అన్నారు. సాయానికి వచ్చే దళాన్ని 'డిప్యుటేషన్' అన్నారు.

"గుర్రపు దళం చార్జి చేయునప్పుడు" అని చదివి ఆగారు కుటుంబశాస్త్రి గారు. "ఇక్కడ చార్జి అన్న మాటకి తెలుగు అక్కర్లేదు. ఉద్యోగంలో చేరిన దగ్గర్నించీ చార్జి ఇస్తున్నాం, చార్జి పుచ్చుకుంటున్నాం. చార్జి అంటే బాధ్యతల అప్పగింత. ఇచ్చేవారూ పుచ్చుకునేవారూ ఇద్దరూ సంతకాలు చేయాలి. అర్థమైందా?"

"ఆయ్" అన్నాను.

"నాకర్థం కాలేదండి" అంది వదిన. "యుద్ధంలో గుర్రవేసుకుని శత్రువు మీదకెళ్ళి బాధ్యతలు అప్పజెప్పడవేటండీ?"

"అదే నెపోలియన్ గొప్పతనం" అన్నారు కుటుంబశాస్త్రి గారు.

యుద్ధం మంగళవారం మధ్యాహ్నం పెట్టారు. పేటంతా కిటికీల దగ్గర మూగింది. భుజంగరావు గారు టోపీతో వచ్చారు. మొదటిసారి తనకి లొంగని మనిషి ఎదురుగా ఉన్నాడు. మొహం వెలిగిపోతోంది.

"గవరయ్యా, మొహమాటపడకు. నిజంగా ఆడు."

"ఆయ్."

నిజంగా ఎలా ఆడాలో నాకు తెలీదు. ఎర్ర సిపాయిలు ఎక్కడున్నవాళ్ళని అక్కడే ఉంచాను. చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఒక్కో వంతు అయ్యేసరికి కుటుంబశాస్త్రి గారి దగ్గర్నించి ఒక్కో కాయితం వచ్చేది, ఇద్దరం సంతకాలు పెట్టేవాళ్ళం. నా సంతకానికి కొంచెం టైము పట్టేది. ఆయన చదవకుండానే గీకేసేవారు.

"కదలడేమిటి? ఏం వ్యూహమది?" అని భుజంగరావు గారు చిదంబరం గారిని అడిగారు. ఆయనకి ఆరోజు ఒంట్లో బాగుంది.

"చాలా లోతైన వ్యూహంలా ఉంది సార్."

అంతలో పైన రేకుల సందులోంచి బల్లి ఒకటి జారి టపీమని బల్ల మీద పడింది. సరిగ్గా నెపోలియన్ ఎడమ పార్శ్వం మీద. ఒక ఫిరంగీ, దాని చుట్టూ ఉన్న చచ్చిన సిపాయిలూ చెల్లాచెదురయ్యారు. అందరూ కుటుంబశాస్త్రి గారి కేసి చూశారు. నియమాల్లో బల్లి లేదు. ఆయన సంచీలోంచి పంచాంగం తీశారు.

"ప్రభువుల పార్శ్వమున పడినచో పదవిలో మార్పు, సార్."

భుజంగరావు గారు పంచాంగంలోకి తొంగిచూశారు. ఆయనకి రాజధానిలో పెద్ద కుర్చీ ఒకటి రావాల్సి ఉందని అందరికీ తెలుసు.

"ఎప్పట్లోగా?"

"తక్షణ ఫలమని ఉంది సార్."

ఇక ఆయన్ని పట్టుకోవడం ఎవరి తరం? టోపీ వెనక్కి నెట్టారు. బల్ల మీదికి సగం వంగి, చెయ్యి నావేపు చాచి, కిటికీల్లో జనం ఉలిక్కిపడేలా అరిచారు.

"చార్జ్!"

కుటుంబశాస్త్రి గారు కలం మూత తీశారు. "పూర్తి చార్జా సార్, అదనపు చార్జా?"

"పూర్తి! మొత్తం! ఏదీ మిగలకూడదు!"

"ఎవరికి సార్?"

"ఎదురుగా నిలబడ్డాడుగా! అతనికే!"

"ఎప్పటి నుంచి సార్?"

"ఇప్పుడే! ఈ క్షణం!"

కుటుంబశాస్త్రి గారు గబగబా రాసి కాయితం ముందు పెట్టారు. భుజంగరావు గారు బల్ల మీంచి కళ్ళు తిప్పకుండా సంతకం గీకారు. నా దగ్గరికి తెచ్చారు. నేను కూడదీసుకుని పెట్టాను. కుటుంబశాస్త్రి గారు ఆ కాయితం మీద తేదీ వేసి, ఫైల్లో పెట్టి, తాడు కట్టి, లేచి నిలబడి నాకు నమస్కారం పెట్టారు.

"సార్" అన్నారు.

నా వెనక ఎవరున్నారా అని చూశాను. గోడ ఉంది.

"ఏమిటిది?" అన్నారు భుజంగరావు గారు.

"తమరు చార్జి ఇచ్చేశారు సార్. గవరయ్య గారు పుచ్చుకున్నారు."

"చక్రవర్తి చార్జి గదయ్యా! ఆటలో!"

"చక్రవర్తి పదవి తమకి ఎండీ పదవి రీత్యా వచ్చింది సార్. విడిగా లేదు. పూర్తి చార్జి అన్నారు గనక రెండూ కలిసే వెళ్ళాయి. ఏదీ మిగలకూడదని తమరే ఆదేశించారు. అది కూడా రికార్డు చేశాను."

కిటికీల దగ్గర ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. భుజంగరావు గారు టోపీ తీసి బల్ల మీద పెట్టారు. టోపీ కింద ఒక పటాలం పడిపోయింది.

"అయితే నేనెవర్ని?"

"పోస్టింగు కోసం వేచి ఉన్న అధికారి, సార్."

"ఇది చెల్లదు. చింపెయ్."

"చింపాలంటే ఎండీ గారి ఉత్తర్వు కావాలి సార్" అని కుటుంబశాస్త్రి గారు నావేపు చూశారు.

నేనేమీ అనలేదు.

"చింపుటకు అనుమతి లేదు" అని రాసుకున్నారు.

చిదంబరం గారు ఈలోగా బల్ల చుట్టూ తిరిగి నా పక్కకి వచ్చి నిలబడ్డారు. "ఆ వ్యూహం లోతైనదని నేను ముందే అన్నాను సార్" అన్నారు నాతో.

వదిన మాత్రం అసలు సంగతి వదల్లేదు.

"ఇదంతా సరే గానండీ శాస్త్రి గారూ, ఎర్రోళ్ళు గెలిచినట్టా కాదా?"

కుటుంబశాస్త్రి గారు పుస్తకం తిరగేశారు. ఎదుటి పక్షం నాయకుడు ఎవరి అధీనంలోకి వస్తే వారిదే విజయమని ఉంది. ఎర్ర పక్షం గెలిచింది. ఆట సమంగా ఉంది. పరీక్ష పూర్తయింది.

"మరి తాళవో?"

"ఎండీ గారు సంతకం చెయ్యాలి."

"చేస్తాడు. చెయ్యి మరిదీ."

"ఆగండి" అన్నారు భుజంగరావు గారు. ఆయన పెద్ద చదువులు చదివినవారు, ఓడిపోయినా నిబంధన మర్చిపోలేదు. "అతను ఇన్‌చార్జి మాత్రమే. ఇన్‌చార్జిగా ఉన్నవాడు విధాన నిర్ణయాలు తీసుకోరాదు. పాక ఖాళీ చెయ్యడం విధాన నిర్ణయం."

రేకుల మీద వాన చినుకులు. వదిన మొహం చూశాను. ఎవరి ముందూ తగ్గని మనిషి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బయట చూరు కింద గంపల్లో బూజు పట్టిన అవతారాలు. ఇంకో వారం పోతే కొట్లవాళ్ళు ప్లాస్టరుకి చెప్పేస్తారు.

కుటుంబశాస్త్రి గారు కళ్ళు మూసుకుని ఆలోచించారు. ఆయనకి మా మీద జాలి ఉందో లేదో నాకు తెలీదు. నిబంధన మీద మాత్రం ఉంది. దాన్ని ఎవరైనా తప్పుగా చెబితే ఓర్చుకోలేరు.

"పాక మూయడానికి విధాన నిర్ణయం కావాల్సి వచ్చింది, నిజమే. కానీ తాళం తియ్యడం బంట్రోతు రోజూ చేసే పని. రోజువారీ పనులు ఇన్‌చార్జి చెయ్యవచ్చు. తీశాక లోపల ఎవరు కూర్చుంటారన్నది తాళానికి సంబంధించిన విషయం కాదు."

కాయితం పెట్టారు. సంతకం పెట్టాను. ఆ రోజుకి అది ఎన్నో సంతకమో గానీ చెయ్యి నొప్పెట్టింది. ఆఫీసు వేళ దాటిపోయింది గనక తాళం రేపు ఇస్తామన్నారు.

మర్నాడు పొద్దున్నే ఇంటి ముందు జీపు వచ్చి ఆగింది. డ్రైవరు పాక తాళం నా చేతికిచ్చి, జీపు తలుపు తీసి పట్టుకుని, "ఎక్కడికండి సార్?" అన్నాడు. పాకకి అన్నాను. నాలుగిళ్ళ అవతలే. వదిన కూడా ఎక్కింది. ఇద్దరం జీపు దిగి తాళం తీశాం. సిపాయిల్ని, బతికినవాళ్ళనీ చచ్చినవాళ్ళనీ విడదీయకుండా, చీపురు ఈనెలతో డబ్బాలోకి ఊడ్చాం. కుంపటి రాజేసి తడి కర్రలన్నీ చుట్టూ పేర్చాం. బొమ్మలు చెక్కేవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి బల్ల చుట్టూ ఎవరి చోట్లో వాళ్ళు కూర్చున్నారు.

ఎనిమిదింటికి భుజంగరావు గారు వచ్చారు. పక్కన కుటుంబశాస్త్రి గారు. భుజంగరావు గారు రాత్రి నిద్రపోయినట్టు లేరు. చార్జి తిరిగి ఇచ్చెయ్యమని మర్యాదగానే అడిగారు. నన్ను 'మీరు' అన్నారు.

నాకు అభ్యంతరం లేదని చెప్పాను. ఎలా ఇవ్వాలని అడిగాను.

"పుచ్చుకున్న పద్ధతిలోనే ఇవ్వాలి సార్" అన్నారు కుటుంబశాస్త్రి గారు. "యుద్ధంలో. బల్ల మీద. మరో పద్ధతి నియమాల్లో లేదు."

భుజంగరావు గారు బల్ల కేసి చూశారు. ఈ చివర్నించి ఆ చివరిదాకా చెక్కపొట్టు, గంపలు, జిగురు చిప్పలు. వదిన ఒక నరసింహుడికి మీసం దిద్దుతూ తలెత్తలేదు.

దసరా దాకా బల్ల ఖాళీ లేదన్నాను. కుటుంబశాస్త్రి గారు రాసుకున్నారు. భుజంగరావు గారు నిలబడే ఉన్నారు. నేను జరిగి పక్కన చోటిచ్చి, ఆయన చేతికి గరుకు కాయితం ఒక ముక్క, వామనుడి గొడుగు ఒకటి ఇచ్చాను. ఎటు నుంచి ఎటు రుద్దాలో చూపించాను.